రాయి లేని సమాధులు: చీమకుర్తి వైపు మన పెద్దల పేర్లు ఎక్కడ వెతకాలి?

పోస్టు పెద్దదే, తీరిక చూసుకొని చదవండి.

మేం ఒంగోలులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న నలుగురం. ఇద్దరం ఎరుకల, ఒకరు యానాది, ఒకరు సుగాలి. నలుగురి ఇళ్ళలోనూ కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. చీమకుర్తి వైపు మా కాలనీ పక్కన క్రైస్తవుల సమాధుల తోట ఒకటి ఉంది. అందులో ఎవరెవరున్నారో పేరు పేరునా రాద్దామని రెండు వేసవి సెలవులు, ఒక సంక్రాంతి సెలవులు తిరిగాం. తిరుగుతుంటే పేర్లే కాదు, ఒక చరిత్ర కూడా బయటపడింది. అదే ఇక్కడ రాస్తున్నాం.

చీమకుర్తి అంటే అందరికీ గుర్తొచ్చేది రాయి. ఒంగోలు నుంచి పొదిలి పోయే రోడ్డు మీద లారీల్లో పెద్ద పెద్ద నల్ల దిమ్మెలు పోతుంటాయి కదా, అదే. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. వ్యాపారంలో దాన్ని బ్లాక్ గెలాక్సీ అంటారు. గ్రానైట్ అని పిలుస్తాం గానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. మెరిసే ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. 1980ల నుంచి దీన్ని పెద్ద ఎత్తున తవ్వుతున్నారు. డైమండ్ వైరుతో కోసిన దిమ్మెలు చెన్నై, కృష్ణపట్నం రేవులకు పోయి, అక్కణ్ణుంచి చైనా, ఇటలీ, ఇంకా చాలా దేశాలకు పోతాయి. అక్కడ వంటింటి గట్లు అవుతాయి, ఆఫీసు గోడలు అవుతాయి, సమాధి రాళ్ళు కూడా అవుతాయి. ఎక్కడో యూరప్‌లో చనిపోయిన మనిషి తల దగ్గర పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కి నిలబెట్టిన నల్లరాయి మన నేలలోంచి పోయింది అయి ఉండొచ్చు.

ఆ క్వారీ గుట్టలు కనిపించేంత దూరంలోనే మా సమాధుల తోట. అందులో పేరున్న రాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ మట్టి దిబ్బలు. కొన్నిటి మీద రెండు వేపకర్రలు కట్టిన సిలువ. కొన్నిటికి సిమెంటు దిమ్మె, అది ఆరకముందే పుల్లతో గీసిన రెండు అక్షరాలు. ఈమధ్య పోయినవాళ్ళలో కొందరికి మాత్రం పాలిషింగ్ యూనిట్లో పనికిరాదని పక్కన పడేసిన ముక్కరాయి దొరికింది. చిన్న చిన్న దిబ్బలు చాలా ఉన్నాయి. అవి పసిపిల్లలవి.

రాయి లేకపోతే పేరు లేనట్టేనా? ఈ ప్రశ్నతోనే మేం మొదలుపెట్టాం.

ఈ తోట ఇక్కడికి ఎలా వచ్చింది

ఇంగ్లండులో పాత చర్చిల చుట్టూ ఆవరణలోనే సమాధులుంటాయి. ఆ చర్చి కిందికి వచ్చే ఊళ్ళ జనం తరతరాలుగా అక్కడే ఉంటారు. మన వైపు అలా కాదు. చర్చి పల్లెలో ఉంటుంది, సమాధుల తోట ఊరికి దూరంగా వాగు పక్కనో డొంక పక్కనో ఉంటుంది. ఎందుకంటే ఈ జిల్లాలో క్రైస్తవం ముందు వచ్చింది పల్లెల్లోకి. ఊరి శ్మశానంలో చోటు లేనివాళ్ళే ముందు అందులో చేరారు. కాబట్టి సమాధుల తోట కూడా వాళ్ళకు దొరికిన నేలలోనే ఏర్పడింది.

ఒంగోలు చరిత్ర కొంచెం చూద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషను వాళ్ళు 1840లో నెల్లూరులో కుదురుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. 1866లో జాన్ ఎవెరెట్ క్లౌ దొర ఒంగోలు వచ్చి కాపురం పెట్టాడు. ఒంగోలుకు పడమట ఉన్న తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి తనంతట తానే వచ్చి మిషనులో చేరాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరికి వెళ్ళినప్పుడు 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళని తయారుచేసింది దొర కాదు, పేరయ్య. ఆ పని అంతకు ముందే ఇంటింటికీ తిరిగి ఆయనే చేసి పెట్టాడు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. దక్షిణ భారతంలో 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. ఆ కరువులో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వించింది. క్లౌ దొర అందులో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం గుమిగూడారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536 మంది. వెల్లంపల్లి ఇవాళ మద్దిపాడు మండలంలో ఉంది. మా చీమకుర్తికి చుట్టుపక్కల ఊరే.

మిషను చరిత్ర పుస్తకాలన్నీ ఈ 2,222 అంకెను గొప్పగా చెప్తాయి. మేం ఇంకో వైపు నుంచి చూశాం. జ్యూయెట్ 1897లో, క్లౌ 1910లో అమెరికాలో చనిపోయారు. ఇద్దరి పేర్లూ ఒంగోలులో చర్చి మీద, ఆసుపత్రి మీద ఉన్నాయి. గుండ్లకమ్మ నీళ్ళలో మునిగి లేచిన ఆ 3,536 మంది మాత్రం ఇక్కడి మట్టిలోనే, ఊరూరా ఉన్న ఇలాంటి తోటల్లోనే ఉన్నారు. పుస్తకాల్లో వాళ్ళు ఒక అంకె. వాళ్ళ పక్కనే, తర్వాతి కాలంలో చర్చిలో చేరిన మన ఎరుకల, యానాది పెద్దలు కూడా ఉన్నారు. వాళ్ళు ఏ అంకెలోనూ లేరు.

రాయి వెంట పోయినవాళ్ళు

సమాధుల మీద పరిశోధన కొత్తదేం కాదు. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు రాష్ట్రంలోని సమాధుల మీద ఉన్న రాతలను జిల్లాలవారీగా పోగుచేసి పుస్తకంగా వేశాడు. దొరలు, దొరసానులు, సైనికులు, కలరాతో పోయిన వాళ్ళ పసిపిల్లలు అందులో కనిపిస్తారు. మచిలీపట్నంలో 17వ శతాబ్దపు డచ్చి వర్తకుల సమాధులున్నాయి. వాటి మీద వంశ చిహ్నాలు కూడా చెక్కించుకున్నారు. మూడు వందల ఏళ్ళు దాటినా పేరు చదవొచ్చు. 1976లో లండన్‌లో దక్షిణాసియాలోని యూరోపియన్ల సమాధుల కోసం ఒక సంఘమే పెట్టారు. చర్చి ఆఫ్ ఇంగ్లండు వాళ్ళ బాప్తిస్మం, పెళ్ళి, భూస్థాపన రిజిస్టర్ల నకళ్ళు మద్రాసు నుంచి ఓడల్లో లండన్ పోయేవి. అవి ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఇంగ్లండులో ఒక మనవడు తన ముత్తాత 1850లో మచిలీపట్నంలో చనిపోయాడని తెలుసుకోవాలంటే తెలుసుకోగలడు.

వాళ్ళని తప్పు పట్టడం లేదు. ఎవరి పెద్దలను వాళ్ళు వెతుక్కున్నారు. కానీ వాళ్ళ పద్ధతి ఏమిటంటే, ముందు రాయి, తర్వాత రిజిస్టరు. రాయి కొనగలిగినవాళ్ళకు, రిజిస్టర్లో పూర్తి పేరుతో ఎక్కినవాళ్ళకు ఆ పద్ధతి సరిపోతుంది. మన పెద్దల విషయంలో మొదటి మెట్టే లేదు.

అలాగని రాయి లేనివాళ్ళ పేర్లు అసలు రాయలేదా అంటే, ఒకరు రాశారు. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఒంగోలు మిషనులోని మాదిగ పెద్దలను కూర్చోబెట్టి, వాళ్ళు క్రైస్తవం తీసుకోకముందు ఎలా బతికారో, ఏ యోగుల బోధలు విన్నారో, చెప్పులు కుడుతూ ఏం మాట్లాడుకునేవాళ్ళో అడిగి 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేసింది. అది దొరసాని కళ్ళతో చూసిన పుస్తకమే, అందులో ఆమె అభిప్రాయాలు ఆమెవి. కానీ ఆమె అడిగింది కాబట్టి ఆ మనుషుల పేర్లు, ఊళ్ళు, అమ్మానాన్నల సంగతులు మిగిలాయి. ఎవరో ఒకరు పక్కన కూర్చుని అడిగితే చాలు, రాయి లేని మనిషి చరిత్ర కూడా దొరుకుతుంది. మాకు దారి చూపించింది ఈ సంగతే.

మన పేర్లు రాసిన పుస్తకం ఏది?

ఇక మన సంగతి. మన పెద్దల గురించి దొరలు రాయలేదని కాదు, చాలా రాశారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. యానాదులున్నారు, ఎరుకల వాళ్ళున్నారు, చెంచులున్నారు, లంబాడీలున్నారు. ముక్కు పొడవెంత, వెడల్పెంత అని మనుషుల్ని కొలిచి మరీ రాశాడు. ముక్కు కొలత ఉంది, ఆ ముక్కు ఎవరిదో లేదు.

పేరుతో సహా రాసిన పుస్తకం వేరే ఉంది. అది పోలీసు పుస్తకం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం ఉత్తర భారతంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. దొంగతనం చేస్తే దొంగ అనడం కాదు అది. ఫలానా కులంలో పుడితే దొంగ. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకొని ఊరూరా తిరిగి అమ్ముకునే ఎరుకల వాళ్ళకు రైళ్ళు వచ్చి, ఉప్పు చట్టాలు వచ్చి బతుకు పోయింది. బతుకు పోయినవాళ్ళు తిరుగుతుంటే అనుమానం. ఆ అనుమానాన్నే చట్టం చేశారు. రిజిస్టర్లో పేరు, వేలిముద్ర. చెప్పిన వేళకు హాజరు. ఊరు దాటాలంటే పాసు.

ఆ చట్టం కిందే సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం 1910ల్లో అలా పుట్టిందే. హెరాల్డ్ స్టూవర్ట్ అనే మద్రాసు ప్రభుత్వ సభ్యుడి పేరు దానికి పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. అక్కడివాళ్ళను చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. కావలిలో ఎరుకల సెటిల్‌మెంటు నడిపింది మాత్రం అమెరికన్ బాప్టిస్టు మిషను. అంటే వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మాలిచ్చిన మిషనే.

ఇది చదివినప్పుడు మేం చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం. ఒకే మిషను చేతిలో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి బాప్తిస్మపు పుస్తకం, ఇంకోటి సెటిల్‌మెంటు పుస్తకం. ఒకదాంట్లో మనిషి దేవుని బిడ్డ, ఇంకోదాంట్లో పుట్టుకతో నేరస్తుడు. సెటిల్‌మెంట్లలో బడి పెట్టారు, వైద్యం చేశారు, పని నేర్పారు. అవి నిజమే. రాత్రి హాజరు పిలిచారు, అనుమతి లేకుండా కదలనివ్వలేదు. అదీ నిజమే. రెండూ రాయాలి.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లో రద్దు చేశారు. దేశమంతా 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం. మా పెద్దలు చెప్పేదేమంటే, రద్దయ్యాక కొన్ని కుటుంబాలు పని వెతుక్కుంటూ ఇటు వచ్చాయి. పొగాకు బేరన్ల దగ్గర, మిరప కోతల్లో, పత్తి తీతల్లో, తర్వాత క్వారీల్లో చేశాయి. వచ్చినప్పుడు సామానుతో పాటు చర్చి అలవాటు కూడా తెచ్చుకున్నాయి. అలా ఆ తోటలో మన దిబ్బలు లేచాయి.

మేం ఎలా రాశాం

మొదట తోట పటం గీసుకున్నాం. వేపచెట్టు ఒక గుర్తు, పాత బావి ఒక గుర్తు, డొంక ఒక గుర్తు. వరసకు ఒక అంకె, దిబ్బకు ఒక అంకె. క్రైస్తవుల్ని తల పడమటికి, కాళ్ళు తూర్పుకు పెట్టి భూస్థాపన చేస్తారు. పునరుత్థానం రోజున లేస్తే తూర్పు ముఖంగా లేవాలని. అలా లేని దిబ్బలు కొన్ని కనిపించాయి. అవి చర్చిలో చేరకముందు ఇంటి ఆచారం ప్రకారం మట్టి చేసినవని ముసలివాళ్ళు చెప్పారు. అంటే మనవాళ్ళలో కొందరు చర్చి కన్నా ముందే ఆ నేలలో ఉన్నారు.

తర్వాత ఈస్టరు కోసం ఆగాం. ఈస్టరు తెల్లవారుజామున అందరూ తమ తమ సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఎవరు ఏ దిబ్బ దగ్గర నిలబడ్డారో చూసి రాసుకుంటే సగం పని అయిపోతుంది. కొవ్వొత్తి లేని దిబ్బల దగ్గరే అసలు పని ఉంటుంది. ఆ కుటుంబం వలస పోయి ఉంటుంది, లేదా అందరూ పోయి ఉంటారు.

అప్పుడు ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళాం. తేదీలు వాళ్ళు చెప్పరు, ఏడాదుల గుర్తులు చెప్తారు. "జిల్లా వచ్చినేడు" అంటే 1970. ఆ ఏడాది ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. "ఉప్పెన ఏడు" అంటే 1977 నవంబరు 19, దివిసీమ. "ఇందిరమ్మను కాల్చినేడు" 1984. "తెల్లదోమ ఏడు" అంటే 1987-88. పత్తికి తెల్లదోమ తగిలి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న ఏడాది. రైతు చనిపోతే పేపర్లో వచ్చింది. పత్తి తీతకు పోయే కూలీకి ఆ ఏడాది పని లేక, తిండి లేక, జబ్బుకు మందు లేక పోతే ఏ పేపర్లోనూ రాలేదు. ఆ ఏడాది దిబ్బలు మా పటంలో పక్కపక్కనే ఉన్నాయి.

తర్వాత చర్చి పుస్తకం. పాస్టరు గారు మా ముందు తెరిచారు, ఆయనకు కృతజ్ఞతలు. అక్కడ ఇంకో చిక్కు. మాలో ఒకరి ముత్తవ్వకు ఇంట్లో గ్రామదేవత పేరు, చర్చి పుస్తకంలో బైబిలు పేరు. రేషను కార్డులో మూడోది, రాసినవాడికి ఎలా వినబడితే అలా. పుస్తకాలు మూడూ చూస్తే ముగ్గురు మనుషులు. మట్టిలో ఒక్కరే. ఆ ముగ్గురూ ఒకరేనని చెప్పగలిగింది ఎనభై దాటిన ఒక అవ్వ. "మా అత్తే గదరా, నీళ్ళు పోసి చీర కట్టింది నేనే" అంది. ఆ అవ్వ లేకపోతే మా ముత్తవ్వ పుస్తకాల్లో ముగ్గురుగానే ఉండిపోయేది.

సెటిల్‌మెంటు సంగతి అడిగినప్పుడు మాత్రం ఇదే అవ్వ మొహం తిప్పేసుకుంది. "ఒరే నాయనా, అది మాత్రం రాయబాకండి. దొంగల పుస్తకంలో పేరుందని ఊరికి చెప్పుకుంటామా? సదువుకున్న బిడ్డలు, మీకెందుకా గొడవ" అంది. మేం ఎదురు చెప్పలేదు. ఆ రాత్రి మాలో మాకే వాదన జరిగింది. ఒకరు రాయాల్సిందే అన్నారు, సిగ్గుపడాల్సింది చట్టం చేసినవాళ్ళు గానీ మనం కాదని. ఇంకొకరు, సిగ్గు అవ్వది, దాన్ని తీసెయ్యడానికి మనం ఎవరం అన్నారు. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. తోట పుస్తకంలో పేరు, ఇంటివాళ్ళు, ఊరు, పని, పోయిన ఏడాది మాత్రమే రాస్తాం. సెటిల్‌మెంటు వివరాలుంటే వేరే కాగితం మీద రాసి ఆ కుటుంబానికే ఇస్తాం. బయటపెట్టాలా వద్దా అనేది వాళ్ళిష్టం. అందుకే ఈ పోస్టులో కూడా ఎవరి పేరూ రాయలేదు.

ఇంకో దేశంలో మనలాంటి పిల్లలు

హాస్టల్లో చదివేవాళ్ళం కాబట్టి ఈ సంగతి మనకు ఇంకా బాగా తగులుతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే ఊళ్ళో 1879లో ఆదివాసీ పిల్లలకు ఒక బోర్డింగ్ స్కూలు పెట్టారు. జుట్టు కత్తిరించి, బట్టలు మార్చి, పేరు మార్చి, సొంత భాష మాట్లాడనివ్వకుండా చదువు చెప్పారు. 1918లో మూసేశారు. క్షయ లాంటి జబ్బులతో అక్కడే పోయిన పిల్లల్ని అక్కడే పూడ్చారు. 1927లో ఆ శ్మశానాన్ని వేరే చోటికి జరిపారు. కొన్ని రాళ్ళ మీద పేరు తప్పు, కొన్నిటి మీద పేరే తెలియదని రాశారు. 2017లో నార్తర్న్ అరాపహో తెగవాళ్ళు తమ పిల్లల్ని ఇంటికి తీసుకుపోదామని వచ్చి తవ్విస్తే, ఒక బాలుడి పేరున్న రాయి కింద వేరేవాళ్ళ ఎముకలున్నాయి. ఆ బాలుణ్ణి 2018లో గుర్తించి ఇంటికి చేర్చారు. రాయి ఉన్నా అబద్ధం చెప్పగలదని దీనివల్ల తెలుస్తుంది.

కెనడాలో అలాంటి స్కూళ్ళ మీద ప్రభుత్వం వేసిన కమిషన్ 2015లో తుది నివేదిక ఇచ్చింది. అందులో ఒక సంపుటం మొత్తం ఇంటికి తిరిగిరాని పిల్లల గురించి, గుర్తు లేని సమాధుల గురించి. 2019 సెప్టెంబరు 30న అలా పోయిన 2,800 మంది పిల్లల పేర్లను 50 మీటర్ల ఎర్రటి గుడ్డ మీద రాసి అందరి ముందు పరిచారు. ఆ పేర్లు రాళ్ళ మీద దొరికినవి కావు. ఏళ్ళ తరబడి స్కూలు రిజిస్టర్లు, చర్చి కాగితాలు, ప్రభుత్వ దస్తావేజులు వెతికి పోగుచేసినవి.

మన సంగతి, వాళ్ళ సంగతి ఒకటే అనడం లేదు. కానీ పని మాత్రం ఒకటే. మనల్ని ఎవరో రాసిన పుస్తకాలు ఉన్నాయి, మన పెద్దల జ్ఞాపకం ఉంది. రెండూ పక్కపక్కన పెడితే తప్ప మనిషి దొరకడు.

ఇప్పుడే ఎందుకు

ఒకటి, చెప్పేవాళ్ళు పోతున్నారు. మేం మొదటి వేసవిలో మాట్లాడిన ఒక తాత రెండో వేసవికి లేడు. ఆయన చెప్పిన దిబ్బల పక్కనే ఆయన్ని కూడా మట్టి చేశారు. పటంలో ఆయన దిబ్బకు అంకె వేసింది మేమే.

రెండు, నేల. చాలా చోట్ల సమాధుల తోటలకు పట్టా ఉండదు, గోడ ఉండదు. రోడ్డు వెడల్పు చేస్తే, ప్లాట్లు వేస్తే, క్వారీ మట్టి దిబ్బ జరిగితే ముందు పోయేది రాయి లేని వైపే. ఇక్కడ ఫలానావాళ్ళు ఉన్నారని పటం, పేర్లు చేతిలో ఉంటే గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. ఖాళీ భూమి అని ఎవరూ తేలిగ్గా అనలేరు.

మూడు, కాగితాలు. మనలో చాలామందికి తాత పేరు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంటుంది. సర్టిఫికెట్లకు వెళ్ళినప్పుడు ఎంత తిప్పలో అందరికీ తెలుసు. చర్చిలో పేరు మారితే ఎస్టీ హోదా పోతుందేమోనని భయపడేవాళ్ళు కూడా ఉన్నారు. పోదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది గానీ, షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో లేదు. కాబట్టి అవ్వకు రెండు పేర్లుంటే దాచుకోవాల్సిన పని లేదు. రెండూ పక్కపక్కన రాసి పెట్టుకోవాలి.

ఇకముందు పోయేవాళ్ళ గురించి ఒక మాట. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల లోపు చెప్తే మరణం ఉచితంగా నమోదు చేస్తారు. మన కాలనీల్లో పెద్దదినం మీద ఉన్న శ్రద్ధ నమోదు మీద ఉండదు. చదువుకున్న పిల్లలం మనమే వెళ్ళి రాయించాలి.

మీ ఊళ్ళో కూడా చేయాలనుకుంటే పెద్ద ఖర్చేం లేదు. వంద పేజీల నోటుబుక్కు, రెండు పెన్నులు, ఫోనులో రికార్డరు. ముందు పటం, తర్వాత పండగ రోజు గమనించడం, తర్వాత ముసలివాళ్ళు, చివర పుస్తకాలు. పుస్తకాలు ముందు చూస్తే పుస్తకంలో ఉన్నవాళ్ళనే వెతుకుతాం, లేనివాళ్ళు తట్టరు. ఆడవాళ్ళను తప్పకుండా అడగండి. మగవాళ్ళకు ఎవరు పెద్దమనిషో, ఎవరు గొడవపడ్డారో గుర్తుంటుంది. ఏ బిడ్డ ఎన్ని నెలలకు పోయిందో, ఎక్కడ పెట్టారో ఆడవాళ్ళకే గుర్తుంటుంది. మా పటంలో చిన్న దిబ్బల పక్కన ఉన్న ప్రతి మాటా ఆడవాళ్ళు చెప్పిందే. హిందూ శ్మశానమైనా, ఖబరస్తాన్ అయినా, తండా పక్కన పొలమైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మా పుస్తకంలో ప్రతి మనిషికీ ఒక పేజీ. పైన ఇంటి పేరుతో సహా ఇంట్లో పిలిచిన పేరు. దాని కింద చర్చి పేరు. దాని కింద ఏ పని చేసేవాళ్ళు, ఎవరిని కన్నారు, ఏ ఏడాది పోయారు. పేరు ఇంకా దొరకని దిబ్బలకు కూడా పేజీ వదిలాం, పటంలోని అంకె వేసి. ఈ ఈస్టరుకు వాటి దగ్గర మేమే కొవ్వొత్తులు పెడతాం. ఎవరైనా చూసి "అది మా వాళ్ళది" అంటారేమోనని.